మెయిల్ కింద డిస్‌క్లైమర్: ఏది ఉంచాలి, ఏది పీకేయాలి, అసలు మాట ఎక్కడ రాయాలి

మా పాత ఆఫీసులో శ్రీనివాస్‌లు ముగ్గురు. ఒకాయన అకౌంట్స్, ఒకాయన స్టోర్స్, మూడో ఆయన మాకు అట్టపెట్టెలు సప్లై చేసే బయటి పార్టీ. ఒక నెలాఖరు సాయంత్రం హెచ్ఆర్ అమ్మాయి టు బాక్సులో శ్రీని అని కొట్టగానే కింద ముగ్గురి పేర్లూ వచ్చాయి, హడావిడిలో మూడో పేరు మీద నొక్కేసింది, 116 మంది జీతాల షీటు అట్టపెట్టెలాయనకి వెళ్ళిపోయింది. ఆ మెయిల్ కింద మా కంపెనీ డిస్‌క్లైమర్ నిక్షేపంగా ఉంది, 18 లైన్లు, ఇది మీది కాకపోతే వెంటనే డిలీట్ చెయ్యాలి, చదివినా కాపీ తీసినా చట్టరీత్యా నేరం అని. మా మేనేజర్ "కింద రాసుందిగా, ఏం కాదులే" అన్నారు. నాకు మనసొప్పక అట్టపెట్టెలాయనకి ఫోన్ చేశా. "వచ్చిందండీ, మన బిల్లేమో అనుకుని తెరిచా, పేర్లు జీతాలు కనపడేసరికి మూసేశా, తీసెయ్యమంటారా" అన్నారు. కింద రాసింది చూశారా అనడిగితే "కింద ఏముందండీ?" అన్నారు.

ఆ మనిషి మంచివాడు కాబట్టి, మేము ఫోన్ చేశాం కాబట్టి ఆ షీటు అక్కడితో ఆగింది. ఆ 18 లైన్ల వల్ల జరిగింది ఏమీ లేదు. ఆ రోజు నుంచీ నేను ఏ కంపెనీలో మెయిల్ సెట్టింగ్ చూసినా ముందు ఫుటర్, అంటే ప్రతి మెయిల్ కిందా దానంతటదే వచ్చే ఆ లైన్ల దగ్గరే కూర్చుంటా. నేను లాయర్ని కాదు, మెయిల్ అడ్మిన్ పని, పర్చేజ్ ఆర్డర్ల ఉత్తరప్రత్యుత్తరాలు చూసే పని నాది, లాయర్ల దగ్గర కూర్చుని అడిగి తెలుసుకున్నవీ, తీర్పులు చదివి అర్థం చేసుకున్నవీ ఇక్కడ రాస్తున్నా. పెద్ద మొత్తాల వ్యవహారం అయితే మాత్రం మీ లాయర్ని అడిగే చెయ్యండి.

ముందు మీ ఫుటర్ మీరు చదవండి

మీ ఆఫీస్ మెయిల్ నుంచి మీ సొంత జీమెయిల్‌కి "ఓకే" అని ఒక్క మాట పంపండి. దానికి రిప్లై ఇవ్వండి, మళ్ళీ అటునుంచి రిప్లై, అలా ఒక అయిదారు సార్లు. ఇప్పుడు ఆ చైన్ మొత్తం ఫోన్లో తెరిచి వేలితో కిందికి లాగుతూ పోండి. మీరు రాసింది ఆరు మాటలు, ఆఫీస్ నుంచి వెళ్ళిన ప్రతిసారీ అదే డిస్‌క్లైమర్ ఒకదాని కింద ఒకటి పేరుకుని ఉంటుంది. ఇలాంటి చైన్ పెరిగి పెరిగి 102 కేబీ దాటిందంటే జీమెయిల్ కింది భాగం కత్తిరించి, మొత్తం చూడాలంటే ఇక్కడ నొక్కండి అంటుంది, మనవాళ్ళు నొక్కరు, పాత మెయిల్లో ఉన్న రేటో డేటో ఆ కత్తిరించిన ముక్కలోనే ఉండిపోతుంది. ప్రింట్ తీయించుకునేవాళ్ళ బాధ ఇంకోటి, జిరాక్స్ షాపులో ఒక పేజీ అనుకున్నది రెండు పేజీలవుతుంది, రెండో పేజీ నిండా డిస్‌క్లైమర్, చివర్లో ప్రింట్ తీసేముందు పర్యావరణం గురించి ఆలోచించండి అని పచ్చటి చెట్టు బొమ్మ. ఆ లైను ముందు పీకేయండి, దానికి చర్చ కూడా అక్కర్లేదు.

మిగతాది ఒక కాయితం మీద వాక్యం వాక్యం విడగొట్టి రాసుకోండి. ఏ కంపెనీది తీసుకున్నా దాదాపు ఇవే ఉంటాయి: ఇది రహస్యం, మీది కాకపోతే డిలీట్ చెయ్యండి; ఇందులో అభిప్రాయాలు ఉద్యోగివి, కంపెనీవి కావు; వైరస్ వస్తే మా బాధ్యత లేదు; ఈ మెయిల్ వల్ల ఏ ఒప్పందమూ ఏర్పడదు. ప్రతి వాక్యం పక్కన, ఇది ఎవరు పెట్టమన్నారు, ఏ చట్టం కోసం, ఎప్పుడు అని రాయడానికి ప్రయత్నించండి. చాలా వాటి పక్కన ఏమీ రాయలేరు, ఎందుకంటే వేరే కంపెనీ మెయిల్ నుంచి ఎవరో కాపీ చేసి పెట్టినవే ఎక్కువ.

అమెరికాలో ఉన్న మనవాళ్ళలో పాత టాక్స్ మెయిల్స్ దాచుకున్నవాళ్ళు ఉంటే ఒకసారి తీసి చూడండి, కింద సర్క్యులర్ 230 అని ఒక పేరా కనపడొచ్చు, ఈ మెయిల్లో చెప్పింది పెనాల్టీ తప్పించుకోడానికి వాడుకోకూడదు అని. 2005లో ఐఆర్ఎస్, అంటే అమెరికా టాక్స్ శాఖ, టాక్స్ సలహాదారుల మీద కొత్త రూల్స్ తెచ్చింది, అందులో చిక్కుకుంటామేమో అన్న భయంతో వాళ్ళు ప్రతి మెయిల్ కిందా, టాక్స్‌తో సంబంధం లేని మెయిల్స్ కింద కూడా ఆ పేరా పెట్టేశారు. 2014 జూన్‌లో ఆ రూల్ తీసేశారు, ఇక ఈ పేరా అవసరం లేదని కూడా వాళ్ళే చెప్పారు. కారణం పోయినా ఆ పేరా కొన్నిచోట్ల ఆ తర్వాత కూడా కొనసాగింది. అందుకే పక్కన తేదీ, కారణం రాసుకోమంటున్నా.

"మీది కాకపోతే డిలీట్ చెయ్యండి" దగ్గర కాసేపు ఆగుదాం

ఎక్కువమంది నమ్ముకునేది దీన్నే. మన కాంట్రాక్ట్ చట్టం 1872 నాటిది, అందులో మూల విషయం ఒకటే, ఒకరు ప్రతిపాదించాలి, రెండోవాళ్ళు ఒప్పుకోవాలి. మీరు పొరపాటున పంపిన మెయిల్ అందుకున్న మనిషి మీతో ఏం ఒప్పుకున్నాడు? ఏమీ ఒప్పుకోలేదు. మీరు ఒకవైపు నుంచి షరతులు రాసి పారేసి, చదివావు కాబట్టి కట్టుబడ్డావు అంటే కుదరదు. ఇంగ్లండ్‌లో 1862లో ఫెల్ట్‌హౌస్ వర్సెస్ బిండ్లీ అని ఒక గుర్రం కేసు ఉంది. బాబాయి వరస ఆయన ఉత్తరం రాశాడు, నీ దగ్గర్నుంచి జవాబు రాకపోతే ఆ గుర్రం 30 పౌండ్ల 15 షిల్లింగులకి నాదే అనుకుంటా అని. ఆ అబ్బాయి జవాబు రాయలేదు, ఈలోగా వేలంపాట ఆయన పొరపాటున ఆ గుర్రాన్ని వేరేవాళ్ళకి అమ్మేశాడు. బాబాయి కోర్టుకెళ్తే, ఎదుటివాడు మాట్లాడకపోవడం ఒప్పుకోవడం కాదు అన్నారు. ఇప్పటికీ లా కాలేజీల్లో ఆఫర్, ఆక్సెప్టెన్స్ చెప్పేటప్పుడు ఈ గుర్రం రావాల్సిందే.

ఇక "చట్టరీత్యా నేరం" అనే మాట. ఏది నేరమో చెప్పాల్సింది చట్టం, ఒక కంపెనీ తన ఫుటర్లో రాసుకున్నంత మాత్రాన కొత్త నేరం పుట్టదు. ఇలా బెదిరించే మాట మీ ఫుటర్లో ఉంటే వెంటనే తీసెయ్యండి, చదివే మామూలు మనిషిని ఊరికే భయపెట్టడం తప్ప దానివల్ల ఏమీ రాదు.

అలాగని రహస్యం అన్న మాటకి అస్సలు విలువ లేదనుకోకండి, ఇక్కడే చాలామంది రెండో వైపుకి పడిపోతారు. ఎదుటి మనిషికి ఇది రహస్య సమాచారం అని నిజంగా తెలిసి, తెలిసీ దాన్ని వాడుకుంటే కోర్టు అడ్డుపడే అవకాశం ఉంది. అక్కడ లెక్కలోకి వచ్చేది ఆ మనిషికి తెలియడం. తెలియాలంటే మాట ముందు ఉండాలి, కళ్ళకి కనపడాలి, ఆ మెయిల్‌కి మాత్రమే ఉండాలి. భోజనానికి వెళ్దామా అన్న మెయిల్ కిందా రహస్యమే, కొత్త టెండర్ రేట్ల మెయిల్ కిందా అదే రహస్యం అంటే నాన్నా పులి కథే, నిజంగా పులి వచ్చిన రోజు ఎవ్వరూ పట్టించుకోరు. 2007లో న్యూయార్క్ కోర్టులో ఇలాంటిదే జరిగింది. బెత్ ఇజ్రాయెల్ అనే హాస్పిటల్ మీద అక్కడ పనిచేసిన డాక్టరే కేసు వేశాడు, తన లాయర్‌తో మాట్లాడిన మెయిల్స్ మాత్రం అదే హాస్పిటల్ ఇచ్చిన మెయిల్ ఐడీ నుంచి పంపుకున్నాడు. ఆ సిస్టమ్‌లో ఉద్యోగులకి ప్రైవసీ లేదని హాస్పిటల్ పాలసీ. లాయర్ల మెయిల్స్ కింద ఇది రహస్యం అని మామూలుగా వచ్చే నోటీసు ఉంది కదా అని వాదిస్తే, ఆ నోటీసు ఒక్కటీ సరిపోదు అని కోర్టు తేల్చేసింది. మన దగ్గర క్లయింటుకీ లాయరుకీ మధ్య మాటలకి రక్షణ భారతీయ సాక్ష్య అధినియమ్ 2023లో 132వ సెక్షన్ నుంచి వస్తుంది, ఫుటర్ నుంచి కాదు. కాబట్టి మీ లాయర్‌కి రాసేటప్పుడు సొంత మెయిల్ ఐడీ వాడండి, ఆఫీస్‌దీ వద్దు, ఆఫీస్ లాప్‌టాప్ కూడా వద్దు.

మాట ఎక్కడ ఉంది అన్నదానికి మన చుట్టూనే ఉదాహరణలున్నాయి. 1960ల్లో మద్రాస్ హైకోర్టుకి ఒక లాండ్రీ కేసు వచ్చింది, లిల్లీ వైట్ అనే లాండ్రీ. రసీదు మీద బట్టలు పోతే మార్కెట్ ధరలో 15 శాతమే ఇస్తాం అని అచ్చేసుకున్నారు, కొత్త చీర పోగొట్టారు. ఆ షరతు సమంజసం కాదు, చెల్లదు అంది కోర్టు. పార్కింగ్ టోకెన్ మీద ఓనర్స్ రిస్క్ అని ఉంటుంది చూడండి, ఢిల్లీ తాజ్ మహల్ హోటల్లో 1998లో వాలే పార్కింగ్‌కి ఇచ్చిన మారుతీ జెన్ పోయింది, 2019 నవంబర్‌లో సుప్రీంకోర్టు, తన అజాగ్రత్త లేదని హోటల్ చూపించుకోలేనప్పుడు ఆ టోకెన్ మీద మాట దాన్ని కాపాడదు అంది. అచ్చు వేసిన కాయితం చేతికిచ్చినా ఇంతే అయితే, మెయిల్ చదవడం అయిపోయాక కింద బూడిద రంగు చిన్నక్షరాల్లో వచ్చేదాని సంగతి మీరే ఊహించుకోండి.

డిస్‌క్లైమర్ పనిచేసిన కేసు కూడా చెప్తా, హెడ్లీ బర్న్ వర్సెస్ హెల్లర్, 1963, ఇంగ్లండ్. ఒక యాడ్ ఏజెన్సీ తన క్లయింటు ఆర్థిక పరిస్థితి ఎలా ఉందని బ్యాంకుని అడిగింది, బ్యాంకు బానే ఉంది అని చెప్పింది, నమ్మి ఏజెన్సీ సుమారు 17,000 పౌండ్లు పోగొట్టుకుంది. అయినా బ్యాంకు బయటపడింది. ఎందుకంటే ఇది మీ సొంత వాడకానికి మాత్రమే, దీనికి బ్యాంకు బాధ్యత వహించదు అన్న మాట ఆ సమాధానంలోనే, ఆ సలహాతో పాటే స్పష్టంగా చెప్పి ఇచ్చింది. ఈ కేసు నుంచి మనం పట్టుకోవాల్సింది ఇదే, మీరు ఎస్టిమేట్ ఇస్తున్నా, ఒక పార్టీ గురించి అభిప్రాయం చెప్తున్నా, "ఇది అంచనా మాత్రమే, సైట్ చూశాకే ఫైనల్ రేటు" అని అంకె పక్కనే రాయండి. ఫుటర్లో కాదు, అంకె పక్కన.

ఒప్పందం లేదు అని రాసుకుంటే ఒప్పందం ఆగుతుందా

ఇందులో డబ్బు పోతుంది, జాగ్రత్తగా చదవండి. ఐటీ చట్టంలో, అంటే ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ చట్టంలో, 10ఏ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందాన్ని చెల్లదు అనడానికి లేదు. 2010 జనవరిలో సుప్రీంకోర్టు ట్రైమెక్స్ వర్సెస్ వేదాంత అల్యూమినియం కేసులో చెప్పింది కూడా ఇదే. 2007 అక్టోబర్‌లో బాక్సైట్ సప్లై మీద మెయిల్స్ నడిచాయి, ధర, ఎంత సరుకు, ఎన్ని ఓడలు అన్నీ మెయిల్స్‌లోనే తేలాయి, అయిదు షిప్‌మెంట్లకి డీల్ కన్ఫర్మ్ అని జవాబు వచ్చింది. అగ్రిమెంట్ కాయితం మీద ఇంకా సంతకాలు కాలేదు, తర్వాత క్యాన్సిల్ అన్నారు. ముఖ్యమైనవన్నీ ఒప్పుకున్నాక, ఫార్మల్ కాయితం తయారై సంతకం కాకపోయినా ఒప్పందం ఉన్నట్టే అంది కోర్టు.

ఇంగ్లండ్‌లో 2019లో ఇంకో అడుగు ముందుకెళ్ళింది. విండర్‌మేర్ చెరువు దగ్గర దారి తగువు, 1,75,000 పౌండ్లకి ఒక చిన్న స్థలం అమ్మేట్టు లాయర్ల మధ్య మెయిల్స్‌లో రాజీ కుదిరింది. తర్వాత సంతకం లేదుగా అని ఒక వైపు వాళ్ళు వెనక్కి తగ్గబోయారు. లాయర్ మెయిల్ చివర థాంక్స్ అని, ఆ కింద అవుట్‌లుక్ దానంతటదే పెట్టిన పేరు, హోదా, ఫోన్ నంబర్ ఉన్నాయి, ఆ ఆటోమేటిక్ ఫుటరే సంతకం కింద లెక్క అన్నారు కోర్టులో. నియోక్లియస్ వర్సెస్ రీస్ ఆ కేసు పేరు. అది మన కోర్టుల్ని కట్టిపడేసే తీర్పు కాదు, కానీ ఫుటర్ మనల్ని కాపాడుతుందని పెట్టుకుంటే అదే మన సంతకంగా నిలబడిన సందర్భం ఉందని తెలిసి ఉండాలి.

మరి బేరం నడుస్తుండగా కట్టుబడకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి. మెయిల్ మొదటి లైన్లో మీ మాటల్లో రాయండి: "ఇది చర్చ కోసం మాత్రమే. ఇద్దరం అగ్రిమెంట్ మీద సంతకాలు పెట్టేదాకా మా వైపు నుంచి ఆర్డర్ ఖాయం కాదు." ఆ చైన్‌లో ప్రతి మెయిల్లో ఆ మాట కొనసాగించండి. కన్ఫర్మ్, డన్, ఓకే ప్రొసీడ్ లాంటి మాటలు బేరం తెగేదాకా వాడొద్దు, "పరిశీలిస్తున్నాం" "మా ఎండీ గారు ఒప్పుకోవాలి" అని రాయండి. అన్నింటికన్నా ముఖ్యం, అలా రాసి మళ్ళీ సరుకు లోడ్ ఎత్తించకండి, అడ్వాన్స్ తీసుకోకండి, చేతల్లో ఒప్పుకున్నాక రాతలో లేదంటే ఎవరూ వినరు. రాజీ బేరంలో కొంత తగ్గి ఇస్తానని రాస్తున్నారా, అది రేపు కోర్టులో మీ మీదకే రాకుండా "వితౌట్ ప్రెజుడీస్" అని సబ్జెక్టులోనే, మెయిల్ పైనే రాయండి. సాక్ష్యంగా వాడకూడదన్న షరతు మీద చేసిన ఒప్పుకోళ్ళకి సివిల్ కేసుల్లో రక్షణ ఉంది, సాక్ష్య అధినియమ్ 21వ సెక్షన్. అదే మాట ప్రతి మెయిల్ ఫుటర్లో ఉంటే, రాజీ బేరమేదో మామూలు మెయిలేదో మీరే తేడా చూపించలేకపోతారు.

అభిప్రాయాలు ఉద్యోగివి అన్న లైన్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఆఫీస్ పనిలో ఆఫీస్ మెయిల్ నుంచి పంపింది కంపెనీ పంపినట్టే చూస్తారు, ఐటీ చట్టం 11వ సెక్షన్ కూడా అధికారం ఉన్న మనిషి పంపిన రికార్డు ఎవరి తరఫున పంపారో వాళ్ళదే అంటుంది. 1997లో ఇంగ్లండ్‌లో నార్విచ్ యూనియన్ అనే ఇన్సూరెన్స్ కంపెనీ ఉద్యోగులు లోపల లోపలే మెయిల్స్‌లో పోటీ కంపెనీ దివాలా తీస్తోందని రాసుకున్నందుకు 4,50,000 పౌండ్లు కట్టి రాజీ చేసుకుంది. దీనికి మందు ఉద్యోగులకి చెప్పుకోవడమే, పోటీదారుల గురించి రాతలో నోరు జారొద్దని. వైరస్ లైన్ కూడా తీసెయ్యండి, ఆ టైం డొమైన్‌కి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే సెట్టింగ్‌లు సరిగ్గా పెట్టడానికి వాడండి, మీ పేరుతో దొంగ మెయిల్స్ వెళ్ళకుండా అవి నిజంగా ఆపుతాయి.

ఇప్పుడు కొత్త ఫుటర్

ఉంచాల్సింది ఒకటి ఉంది, దాన్నే మన కంపెనీల్లో చాలా మంది మర్చిపోతారు. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 12 ప్రకారం రిజిస్టర్డ్ కంపెనీ అయితే బిజినెస్ లెటర్లు, బిల్లులు, లెటర్‌హెడ్లు, నోటీసుల మీద కంపెనీ పేరు, రిజిస్టర్డ్ ఆఫీస్ అడ్రస్, సిన్ నంబర్ (కంపెనీ గుర్తింపు సంఖ్య), ఫోన్, మెయిల్, వెబ్‌సైట్ ఉండాలి. తప్పితే రోజుకి 1,000 రూపాయల చొప్పున లక్ష దాకా పెనాల్టీ. ఇప్పుడు బిజినెస్ లెటర్ అంటే మెయిలే కాబట్టి మెయిల్లో కూడా పెట్టేయడం మేలు. ఇంగ్లండ్‌లో అయితే 2007 జనవరి 1 నుంచి మెయిల్స్‌కి కూడా ఇది వర్తిస్తుందని విడమర్చి చెప్పేశారు. అమెరికా కస్టమర్లకి ప్రచారం మెయిల్స్ పంపేవాళ్ళయితే 2003 నాటి క్యాన్ స్పామ్ చట్టం ప్రకారం పోస్టల్ అడ్రస్, ఇక పంపొద్దు అని చెప్పే దారి రెండూ ఉండాలి.

1995లో వచ్చిన ఇంటర్నెట్ మర్యాదల పత్రం ఆర్ఎఫ్‌సీ 1855లో సంతకం నాలుగు లైన్లు మించకపోతే మంచిదని రాశారు. ముప్పై ఏళ్ళయినా దానికి మించిన సలహా నాకు కనపడలేదు. నేను పెట్టించేది ఇలా ఉంటుంది:

పేరు, హోదా, ఫోన్
కంపెనీ పూర్తి పేరు, సిన్ నంబర్
రిజిస్టర్డ్ ఆఫీస్ అడ్రస్, మెయిల్, వెబ్‌సైట్
పొరపాటున మీకు వచ్చి ఉంటే ఈ నంబర్‌కి ఒక్క ఫోన్ చెయ్యండి, కృతజ్ఞతలు.

చివరి లైన్ బెదిరింపు కాదు, సాయం అడగడం, దానికే మనుషులు స్పందిస్తారు. మీరు మెయిల్స్ పంపేది ఎక్కువగా తెలుగు రైతులకో, డీలర్లకో, విద్యార్థుల తల్లిదండ్రులకో అయితే ఆ లైన్ తెలుగులోనే పెట్టండి. ఎదుటివాళ్ళకి తెలియాలని రాసేదే నోటీసు, వాళ్ళకి రాని భాషలో రాస్తే ఇంకెవరికోసం?

సెట్టింగ్ విషయానికొస్తే గూగుల్ వర్క్‌స్పేస్‌లో అడ్మిన్ కన్సోల్‌కి వెళ్ళి, యాప్స్, జీమెయిల్, కంప్లయన్స్‌లో అపెండ్ ఫుటర్ ఉంటుంది. అక్కడ సంస్థ లోపలి మెయిల్స్‌కి కూడా పెట్టాలా అని ఒక టిక్ బాక్స్ ఉంది, అది ఖాళీగా వదిలేయండి, పక్క సీటు వాళ్ళకి సిన్ నంబర్ ఎందుకు. మైక్రోసాఫ్ట్‌లో అయితే ఎక్స్చేంజ్ అడ్మిన్ సెంటర్, మెయిల్ ఫ్లో, రూల్స్, అప్లై డిస్‌క్లైమర్స్. కండిషన్‌లో అందుకునేవాళ్ళు సంస్థ బయట ఉంటేనే అని పెట్టి, ఎక్సెప్షన్‌లో మీ సిన్ నంబర్ రాయండి, అంటే ఆ నంబర్ మెయిల్లో ఇప్పటికే ఉంటే మళ్ళీ తగిలించదు, చైన్‌లో పేరుకునే జబ్బు ఈ ఒక్క దానితో పోతుంది. అక్కడ టెక్స్ట్ 5,000 అక్షరాలు దాటకూడదు, హెచ్‌టీఎంఎల్ ట్యాగులు కూడా అందులోకే. ఫుటర్ని బొమ్మగా పెట్టకండి, చాలా ఫోన్లలో బొమ్మ ఆగిపోయి ఖాళీ డబ్బా కనపడుతుంది, సిన్ నంబర్ కూడా దాంతోనే పోతుంది.

నిజంగా రహస్యమైనవాటికి

సబ్జెక్ట్ మొదట్లోనే రహస్యం అని రాయండి, నిజంగా రహస్యమైన వాటికే రాయండి. ఫైల్ అటాచ్ చెయ్యకుండా డ్రైవ్‌లో పెట్టి ఆ మనిషి ఒక్కరికే తెరుచుకునేలా లింక్ ఇవ్వండి, తప్పు మనిషికి వెళ్ళినా వెంటనే యాక్సెస్ తీసెయ్యొచ్చు. అటాచ్ చెయ్యక తప్పకపోతే పాస్‌వర్డ్ పెట్టి, పాస్‌వర్డ్ ఫోన్లో చెప్పండి, అదే మెయిల్ కింద రాసి పంపేవాళ్ళని చాలామందిని చూశా. వ్యాపార రహస్యాలు పంచుకోవాల్సిన పార్టీ అయితే ముందే ఎన్‌డీఏ, అంటే రహస్యం బయటపెట్టమనే ఒప్పందం మీద సంతకం చేయించుకోండి, ఎదుటివాళ్ళని కట్టిపడేసే కాయితం అదీ. జీమెయిల్‌లో అన్‌డూ సెండ్ 30 సెకండ్లకి పెంచుకోండి, మొదట్లో 5 సెకండ్లే ఉంటుంది. కంప్యూటర్లో పాత అవుట్‌లుక్ వాడేవాళ్ళు డిఫర్ డెలివరీ రూల్ పెట్టుకుని ప్రతి మెయిల్ రెండు నిమిషాలు ఆగి వెళ్ళేట్టు చేసుకోండి. రీకాల్‌ని నమ్ముకోకండి, బయటి కంపెనీకి వెళ్ళిన మెయిల్‌ని అది వెనక్కి తేలేదు. ఆ శ్రీనివాస్‌ల విషయానికి నేను చేసింది చిన్నదే, కాంటాక్ట్స్‌లో బయటివాళ్ళ పేరు ముందు బయట అని చేర్చా, టు బాక్సులో "బయట శ్రీనివాస్ అట్టపెట్టెలు" అని కనపడితే వేలు ఆగుతుంది.

అయినా తప్పు జరిగిందా, ముందు ఫోన్ చెయ్యండి. మర్యాదగా, జరిగింది చెప్పి, డిలీట్ చేసి చేశామని ఒక రిప్లై ఇమ్మని అడగండి. తర్వాత మీ పైవాళ్ళకి అదే రోజు చెప్పండి, దాచొద్దు. 2023 డిజిటల్ పర్సనల్ డేటా చట్టంలో మనుషుల వ్యక్తిగత సమాచారం ప్రమాదవశాత్తు బయటపడటం కూడా డేటా బ్రీచ్ కిందకే వస్తుంది, తగిన జాగ్రత్తలు తీసుకోలేదని తేలితే పెనాల్టీ గరిష్ఠంగా 250 కోట్ల దాకా ఉంది. కింద డిస్‌క్లైమర్ ఉంది కదా అనేది జాగ్రత్త అనిపించుకోదు.

మీకే అలాంటి మెయిల్ వస్తే

మీది కాని మెయిల్ వస్తే ఒక రిప్లై కొట్టి తీసెయ్యండి, అది మర్యాద, పైగా రహస్యమని తెలిసీ వాడుకోవడం మంచిది కాదని పైన చెప్పాను. కానీ మీకే రాసిన మెయిల్, మీ గురించే రాసిన మెయిల్ సంగతి వేరు. మా అక్క కొడుక్కి ఒక కంపెనీ ఆఫర్ లెటర్ ఇచ్చి, జాయినింగ్ మూడుసార్లు వాయిదా వేసి, చివరికి ఆఫర్ వెనక్కి తీసుకుంటున్నాం అని మెయిల్ పెట్టింది. ఈలోగా వాడు చేతిలో ఉన్న ఇంకో ఉద్యోగం వదిలేసుకున్నాడు. రాత్రి పదింటికి ఫోన్ చేసి "మామయ్యా, కింద రహస్యం, ఎవరికీ చూపించకూడదు అని రాసుంది, లాయర్‌కి పంపితే నామీదే కేసేస్తారా" అన్నాడు. గొంతులో వణుకు తెలుస్తోంది. 22 ఏళ్ళ పిల్లాడు, ఉద్యోగం పోయిన బాధ కన్నా ఆ నాలుగు ఇంగ్లీష్ లైన్ల భయమే ఎక్కువగా ఉంది వాడికి. నాకు నిజంగా కడుపు రగిలిపోయింది.

ఒరే, నీకు వచ్చిన మెయిల్ నీ లాయర్‌కి చూపించుకోడానికి, కోర్టులో పెట్టుకోడానికి వాళ్ళ ఫుటర్ అడ్డం రాదురా అని చెప్పా. స్క్రీన్‌షాట్లు తియ్యకు, మెయిల్ ఫార్వర్డ్ కూడా చెయ్యకు, ఫార్వర్డ్ చేస్తే అసలు హెడర్లు, అంటే ఎవరు ఎప్పుడు పంపారో చెప్పే వివరాలు పోతాయి. లాప్‌టాప్‌లో జీమెయిల్ తెరిచి, ఆ మెయిల్ పక్కన మూడు చుక్కలు నొక్కి, డౌన్‌లోడ్ మెసేజ్ కొట్టు, ఈఎంఎల్ ఫైల్ వస్తుంది, ఆఫర్ దగ్గర్నుంచి చివరి మెయిల్ దాకా అన్నీ అలా దించుకో, ఇన్‌బాక్స్‌లోవి మాత్రం తీసెయ్యకు అన్నా. ఎలక్ట్రానిక్ సాక్ష్యం పెట్టాలంటే సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఉండాలి, అందులో ఫైల్ హాష్ విలువ, అంటే ఫైల్ మారలేదని చూపించే వేలిముద్ర లాంటి అంకె కూడా రాయాలి, అది లాయర్ గారు చూసుకుంటారు, నీ పని అసలు ఫైళ్ళు చెక్కుచెదరకుండా దాచడమే అని చెప్పా.

వాడు ఆ రాత్రే తొమ్మిది ఫైళ్ళు దించి, తేదీల వారీగా పేర్లు పెట్టి, పొద్దున్నే లాయర్ గారి దగ్గరికి పెన్‌డ్రైవ్ పట్టుకెళ్ళాడు. ఆయన ముందు తెరిచింది మొదటి ఆఫర్ మెయిల్, చదివింది జాయినింగ్ తేదీ, జీతం ఉన్న రెండు పేరాలు. కిందికి స్క్రోల్ కూడా చెయ్యలేదట.